బండ మీది ప్రసాదం

"నా తమ్ముడి కన్ను పీకింది గుడ్డెలుగు కాదు బాబూ. మీరు. ఈ మండపంలో కూకున్నోళ్లందరూ కలిసి పీకేరు."

తవిటమ్మ చేతిలో చీపురు పక్కన పడేసి అన్న మాట ఇది. రామకోవెల కమిటీవాళ్లు రాబోయే కార్తీకమాసం ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ప్రెసిడెంటు భీమారావు, బెల్లం, చింతపండు టోకు వ్యాపారి, కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. మాట విన్నాడు. గ్లాసు కింద పెట్టలేదు. ఇంకో గుటక వేసేడు. ఎన్ని మర్చిపోయినా ఆ గుటకని మాత్రం తవిటమ్మ జన్మలో మర్చిపోదు.

"బాధలో ఉన్నావు కాబట్టి ఊరుకుంటున్నాం తవిటమ్మా," అన్నాడు భీమారావు. "ఇంతమంది భక్తులొస్తున్నారు. ఒక్కరి మీద గోరు పడిందా? మీవాణ్ణే ఎందుకు పట్టుకున్నట్టు? వాడు ఏం తిని వస్తున్నాడో, ఏం తాగి వస్తున్నాడో. నియమం తప్పినవాడి జోలికే ఆయన వెళ్తాడు."

ఆయన అంటే ఎలుగుబంటి. అదీ అక్కడి వరస.

పనసగుడ అంటే ఒడిశాలో మునిగుడకి ఇవతల చిన్న రైలు స్టేషను. బజారులో సగం కొట్లు తెలుగువాళ్లవే. వీళ్ల తాతలు బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి, కొండసరుకు కొని, ఉప్పూ బట్టా అమ్మి, మిద్దెలు లేపి, పుణ్యానికి కొండ మొదట్లో రామకోవెల కట్టించేరు. అందులో ఊడ్చేదీ, అంట్లు తోమేదీ, మిగిలిన ప్రసాదం మోసేదీ తవిటమ్మ. మొగుడు పోయేడు, పిల్లల్లేరు. ఉన్నది తమ్ముడు సింహాచలం. స్టేషన్లో టీ కొట్టు వాడిది.

ఇంతకీ మిగిలిన ప్రసాదం మొయ్యడమేమిటి? చెప్తా వినండి. మన షావుకార్లకి ప్రసాదం కాలికింద పడకూడదు. చెత్తడ్రమ్ములో పడితే మహాపాపం. మర్నాటికి ఉంచకూడదు. పోనీ పేటలోకి పట్టుకెళ్లి పంచుదామా అంటే, మిగిలిపోయింది పంచేరన్న మాట పడాలి, పరువు పోతుంది. అంచేత చక్కెరపొంగలీ, కొబ్బరిచిప్పలూ, అరటిపళ్లూ, ప్రమిదల్లో మిగిలిన నూనె, అన్నీ ఒక గుండిగలో పోసి, కోవెల వెనక మనిషి కాలు పడని చోట ఉన్న బల్లపరుపు బండ మీద ఆకులేసి పెట్టించడం ఆచారం. చీమలు తింటాయి, కాకులు తింటాయి, పుణ్యం. ఆకలితో ఉన్న మనిషి తింటే మాత్రం పరువు తక్కువ.

అలా పెట్టగా పెట్టగా కొండ మీంచి ఎలుగు దిగింది. దిగదా మరి? పైన అది చెదలు తినే పుట్టలు తవ్వేశారు, పనస చెట్లు కొట్టేశారు, ఇప్పపువ్వు ఊడ్చి బస్తాలకెత్తేశారు. కింద నెయ్యి వాసన. రోజూ అదే వేళకి, అదే చోట. మూర్ఖత్వం దానిది కాదు.

మొదట పూజారి చూసేడు. తర్వాత భీమారావు కొడుకు సిద్దు ఫోన్లో వీడియో తీసేడు. "జాంబవంతుడు రాములోరి ప్రసాదానికి వచ్చేడు" అని పెట్టేడు. ఇంకేముంది, రాయగడ నుంచి బళ్లేసుకుని జనం. ఒకావిడ తేనె, ఒకావిడ బెల్లపు అచ్చు, ఒకడు ఎలుగు పక్కన నిలబడి సెల్ఫీ. ఎలుగుకి ఉన్న భయం కూడా పోగొట్టేశారు.

ఫారెస్టు గార్డు లక్ష్మణ ఒకరోజు పొద్దున్నే రెండు గుంజలు పాతి బోర్డు కట్టేడు. ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ఉంది. మేకులు పట్టుకుని నిలబడ్డది తవిటమ్మే. ఆవిడకి చదువు రాదు కాబట్టి ఆయనే చదివి వినిపించేడు. చీకటివేళ ఒంటరిగా ఈ దారిన నడవొద్దు. తప్పకపోతే గట్టిగా మాట్లాడుతూ, కర్ర తాటిస్తూ నడవండి, మీరొస్తున్నట్టు దానికి ముందే తెలియాలి. కనబడితే పరిగెత్తొద్దు, చుట్టూ మూగొద్దు, దానికి పోయే దారి వదలండి, వీపు చూపకుండా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని మొహం నేలకి ఆనించి, మెడ మీద చేతులు కప్పుకోండి. తిండి బయట పెట్టొద్దు.

ఆ ఆఖరి ముక్క భీమారావుకి గుచ్చుకుంది.

"ప్రసాదం చెత్తలో వెయ్యమంటావేటయ్యా?" అన్నాడు.

"భాలు దేవుడు కాదు ఆజ్ఞా, జంతువు," అన్నాడు లక్ష్మణ. ఒడియాలో భాలు అంటే ఎలుగు, ఆజ్ఞా అంటే అయ్యా. "కళ్లు సరిగ్గా కనబడవు. తింటున్నప్పుడు చెవులూ వినబడవు. దగ్గరికొచ్చినవాణ్ణి చూసి ఉలిక్కిపడి మొహం మీద కొడతాది. మనుషుల్ని చంపాలని కాదు, భయంతోటి. మీరు పెట్టడం మానండి, అదే మానుతాది."

లక్ష్మణ వెళ్లిపోయేక మధ్యాహ్నానికల్లా బోర్డు ఊడింది. భక్తులు భయపడతారట. అవే గుంజలకి సిద్దు కొత్త బేనరు కట్టించేడు. జాంబవంత సన్నిధి, దర్శనం సాయంత్రం దీపాలారేక. కింద భీమారావు ఫొటో, చేతులు జోడించి.

ఆ రాత్రి తవిటమ్మ బోర్డు మాటలన్నీ తమ్ముడికి చెప్పింది. సింహాచలం నవ్వేడు. "నిజంగా పెమాదమైతే షావుకార్లు బోర్డు పీకిస్తారేటే అక్కా? ఆల్లకి తెలీదా?"

పెద్దోళ్లకి తెలుసు అనుకున్నాడు. ఆ నమ్మకమే వాడి కొంప తీసింది.

దసరా వెళ్లిన మర్నాడు, మంచు పొద్దుట, మొదటి పాసింజరు అందుకోవాలని, పాలకేను పట్టుకుని కోవెల వెనక దారిన వెళ్తున్నాడు. దసరా పొంగలి ఆకులు బండ మీద చాలక దారి దాకా పరిచి ఉన్నాయి. ఎలుగు ఆకులో మొహం పెట్టి ఉంది. వాడు చూడలేదు, అదీ చూడలేదు. చూసేసరికి చెయ్యి దూరం. వాడు పరిగెట్టేడు. ఎవడైనా పరిగెడతాడు. ఎడమ కన్ను, చెంప, పైపెదవి, ఒక్క దెబ్బకి పోయేయి. రాయగడ ఆస్పత్రివాళ్లు విశాఖ పంపేరు, విశాఖవాళ్లు కుట్టి ఇంటికి పంపేరు. కుట్టిన మొహంతో వాడు మళ్లీ టీ కొట్టు తెరిచేడు. జనం గ్లాసు అందుకుంటారు, మొహం తిప్పుకుంటారు. ఒక చంటిపిల్ల చూసి ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి వాడు కండువా కళ్ల దాకా చుట్టుకుని టీ కాస్తున్నాడు.

ఇదంతా అయ్యేకనే తవిటమ్మ మండపంలో నిలబడి ఆ మాట అంది. జవాబు విన్నది. నియమం తప్పినవాడట.

పని మానేస్తుందనుకున్నారంతా. మానలేదు. చీపురు తీసుకుంది, మిగతా మండపం ఊడ్చింది. దీపాలారేక గుండిగ నెత్తికెత్తుకుంది. అప్పుడే ఆవిడకి తట్టింది. ఎలుగు రాముణ్ణి చూడ్డానికి రావటం లేదు. బండ కోసమూ రావటం లేదు. నెత్తి మీదున్న ఈ గుండిగ ఎక్కడ దిగితే అది అక్కడికొస్తుంది.

భీమారావు ఇల్లు అదే కొండవారన, కోవెలకి కనుచూపు మేరలో ఉంది. ముందు ఇల్లు, పక్కన బెల్లం గోడౌను, వెనక పెరడు, పెరట్లో నుయ్యి, కొండవైపు చిన్న తలుపు.

ఆ సాయంత్రం ఆకులు బండకి కొంచెం అవతల పెట్టింది. మర్నాడు ఇంకొంచెం. పొద్దున్నే వచ్చి చూస్తే ఆకులు నాకినట్టు తెల్లగా ఉండేవి, తడిమట్టిలో పొడుగు గోళ్ల గీతలు. "రాయే నా తల్లీ," అనుకునేది. "ఇంకాస్త ఇటు. నీకు మొహాలు కావాలా, బాగా మేపిన మొహం సూపిస్తాను." అన్నం తింటూ అదే అనుకునేది. తమ్ముడి పెదవి చివర నుంచి టీ కారిపోతుంటే తుడుస్తూ అదే అనుకునేది.

ఆకులు గోడౌను వెనక గోడ దాకా వచ్చిన రోజు పొద్దుట బజారంతా అక్కడే ఉంది. ఎలుగు గోడౌను రేకు తలుపు వంచి లోపల దూరి, బెల్లం బుట్టలు చీరి, కడుపు నిండా తిని పోయింది. భీమారావు లుంగీ పైకి ఎగ్గట్టి లక్ష్మణ మీద అరుస్తున్నాడు.

"పట్టుకోండి దాన్ని. బోను తెండి. పట్టి బొయిపరిగుడ అవతల అడవిలో పడెయ్యండి. లేదంటే కాల్చెయ్యండి. అది మనుషుల్ని తినేస్తుంది."

బండ దగ్గరున్నన్నాళ్లూ ఆయన. బెల్లం బుట్ట ముట్టుకోగానే అది.

తవిటమ్మ జనం వెనక నుంచి మెల్లగా అంది. "అదేటి బాబూ, అలగంటారు. జాంబవంతుడోరు మీ ఇంటికే వచ్చేరు. ఇరుగూపొరుగుకి లేని భాగ్గెం. కొబ్బరికాయ కొట్టండి."

ఎవడో కిసుక్కుమన్నాడు. భీమారావు మొహం కందిపోయింది. "నోరు ముయ్యి."

లక్ష్మణ గోడ వెనకంతా తిరిగి వచ్చేడు. "ఇక్కణ్ణుంచి పట్టుకెళ్తే ఇంకోటి వస్తాది ఆజ్ఞా. కూడు ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటాయి. బండ కడిగించండి. గోడౌనుకి గట్టి తలుపు పెట్టండి. ఆ దారిలో లైటెయ్యండి."

"నీ పాఠాలు తర్వాత. ముందు బోను తే," అన్నాడు భీమారావు.

లక్ష్మణ వెళ్తూ తవిటమ్మ పక్కన ఒక్క క్షణం ఆగేడు. "గోడ వెనక ఆకులున్నాయి. ఎవరు పెట్టేరని అడగను. రేపు ఉండకూడదు. దీంతో ఆటలొద్దు అక్కా, అది నీ మాట వినదు."

మానెయ్యాల్సింది. మానలేదు. బెల్లం నష్టంతో ఏటవుతుంది? బెల్లం మళ్లీ వస్తుంది. కన్ను వస్తుందా?

భీమారావుకి కార్తీకస్నానం నియమం ఉంది. తెల్లారకముందే పెరటి నూతి దగ్గర తలస్నానం చేసి, తడిబట్టతో దీపం పెడతాడు. పనసగుడలో అందరికీ తెలుసు. తవిటమ్మకి ఇంకా బాగా తెలుసు, కోవెల పూలు కోసేది ఆ పెరట్లోనే, ఆ కొండవైపు తలుపు గొళ్లెం తీసి వచ్చే హక్కు ఊరు మొత్తానికి ఆవిడకొక్కర్తికే ఉంది. ఆ సాయంత్రం గుండిగ సరాసరి పెరట్లోకి తెచ్చింది. నూతి చప్టా పక్కన, అరటిచెట్ల చాటున, పెద్ద ఆకు వేసి పొంగలంతా బోర్లించింది. ప్రమిదల నూనె మీద పోసింది. తలుపు గొళ్లెం వెయ్యకుండా దగ్గరకి లాగి వెళ్లిపోయింది.

తెల్లవారుతూండగా ఖాళీ గుండిగా, మూతా పట్టుకుని పెరటి పొట్టిగోడ అవతల నిలబడింది. చూడాలి. భీమారావు కాఫీ గుటక వేస్తూ చూసినట్టు ఈవిడా చూడాలి.

తలుపు అప్పటికే తెరిచి ఉంది. లోపల, మంచులో, నల్లగా పెద్ద మూట. గాలి పీల్చి లాగుతూ, గుర్రుగుర్రుమంటూ తింటోంది. తల ఎత్తటం లేదు.

వంటింటి తలుపు చప్పుడైంది.

లోపల నుంచి భీమారావు గొంతు వినబడింది. "ముందు నువ్వెళ్లి చూసి, ఏమీ లేకపోతే నీళ్లు తోడి పెట్టమ్మా. నేనప్పుడొస్తా."

వచ్చింది ధనశ్రీ. సిద్దు పెళ్లాం. ఈ వేసవిలోనే పార్వతీపురం నుంచి కాపరానికి వచ్చిన పిల్ల. ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో చీర కుచ్చెళ్లు, నిద్రకళ్లు. సరాసరి నూతి వైపు నడుస్తోంది.

అప్పుడు తెలిసింది తవిటమ్మకి. షావుకారి నీళ్లు షావుకారు తోడుకోడు. షావుకారి భయం కూడా షావుకారు పడడు. ముందు ఎవరినో పంపిస్తాడు. ఎలుగు ఎవరి పెరట్లో తిన్నా, దానికి ముందు ఎదురయ్యేది పాలకేనో బకెట్టో మోసే మనిషే.

ఇంకో రెండడుగులేస్తే ఈ పిల్ల మొహమూ సింహాచలం మొహమే.

"అమ్మీ," అంది తవిటమ్మ. అరవలేదు. గట్టిగా, మామూలుగా అంది, సంతలో బేరమాడినట్టు. "అక్కడే ఆగు. కదలకు. అరిటిసెట్టు పక్కన ఎలుగుంది. పరిగెట్టకు. పరిగెడితే ఎనకాలొస్తాది. దానికేసి సూస్తానే ఉండు, కాలు ఎనక్కి ఎయ్యి. మెల్లిగా. ఆఁ, అలగే. నాను మాటాడతానే ఉంటాను, భయపడకు."

ఎలుగు తల ఎత్తింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. రొమ్ము మీద తెల్లటి మచ్చ. ముక్కు అటూ ఇటూ తిప్పుతోంది, ఎవరెక్కడున్నారో దానికీ తెలియటం లేదు, దానికీ భయంగానే ఉంది.

ధనశ్రీ ఇంకో అడుగు వెనక్కి వేసింది. "పిన్నీ," అంది సన్నగా.

"ఉన్నాను. బకెట్టు పారెయ్యకు, సప్పుడికి బెదురుతాది. ఎనకాల గడపుంది, సూసుకో. ఎక్కు. తలుపేసి గొళ్లెమెట్టు."

తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక తవిటమ్మ కొండవైపు దారి వదిలి, గోడ వార దూరంగా జరిగి, మూతతో గుండిగని ఠంగుఠంగుమని కొట్టింది. ఎలుగు నాలుగు కాళ్ల మీద పడి, ఒకసారి బుస్సుమని, తెరిచున్న తలుపులోంచి కొండ మీదకి పోయింది. రాళ్లు దొర్లిన చప్పుడు చాలాసేపు వినబడింది. అప్పుడు తవిటమ్మ పెరట్లోకొచ్చి నూతి చప్టా మీద కూర్చుంది.

గుండిగ మోతకి ఇరుగూపొరుగూ వచ్చేరు. స్టేషనుకి పోతున్న సింహాచలం దారి మళ్లి వచ్చేడు, కండువాతోనే. అందరూ వచ్చేక, అప్పుడు, భీమారావు వచ్చేడు. పొడి తువ్వాలు భుజం మీద, చేతిలో కర్ర. నూతి పక్కన పొంగలి ఆకు చూసేడు. తవిటమ్మని చూసేడు. లెక్క కట్టడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు.

"నువ్వే పెట్టేవు. నా కోడల్ని చంపాలని పెట్టేవు. పోలీసులకి చెప్తాను. జైల్లో కూర్చోబెడతాను."

"సెప్పండి," అంది తవిటమ్మ. "నాను పెట్టేను. కోడలమ్మ కోసం కాదు. మీ కోసం. మీ మొహం కోసం పెట్టేను. అది నా తప్పే, ఆ అమ్మి కాళ్లట్టుకుంటాను, మీ కాళ్లు కాదు. పోలీసులకి రెండూ సెప్పండి. నూతికాడ నాను పెట్టేను. బండ మీద మీరెట్టించేరు. బోర్డు మీరు పీకించేరు. తేడా ఏటంటే, నాను గోడవతల నిలబడి పిల్లని ఎనక్కి పంపించేను. నా తమ్ముడెల్లే దారిలో మీలో ఎవులు నిలబడ్డారు?"

"అడ్డమైన మాటలు..."

"మావయ్యా," అంది ధనశ్రీ. గడపలోనే నిలబడి ఉంది, బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. "ఏమీ లేకపోతే మీరొస్తానన్నారు. ఉంటే ఏం చేద్దామనుకున్నారు?"

సిద్దు ఫోను తీయబోయి జేబులో పెట్టేసుకున్నాడు. భీమారావు జనాన్ని చూసేడు, ఎవరైనా తన తరఫున ఒక మాటంటారేమోనని. రోజూ బెల్లం కొనడానికొచ్చి ఇకిలించేవాళ్లు నేల చూస్తున్నారు.

తవిటమ్మ లేచింది. నూతి పక్కన అంట్లు తోముకునే బూడిద తట్ట ఉంటే తీసి, దాని మీద కొబ్బరిపీచు పెట్టి, భీమారావు కాళ్ల ముందు పెట్టింది.

"మోసినోళ్లం మోసేం. ఇంక మీ వంతు. ఆ బేనరు ఇప్పుడే దించాల. ఆ గుంజలకి గార్డుబాబు బోర్డు మల్లా కట్టాల, మీ సేత్తోనే కట్టాల. స్టేషను దారికి దీపాలెయ్యాల. గోడౌనుకి గట్టి తలుపెయ్యాల. ఇయ్యాల్టి నుంచి మిగిలిన పెసాదం దీపాలు ఆరకముందే పేటలో మనుసుల సేతుల్లో పడాల. మీ పరువు పోతే పోనీండి, మా మొహాలు పోకుండా ఉంటాయి. ఇయ్యేయీ సెయ్యకపోతే, గుండిగ మోసేదాన్ని కాబట్టి సెప్తన్నాను, ఈ గుండిగ బండ మీదకి మరెల్లదు. మీ కోవెల గడప మీదే దిగుతాది, పట్టపగలు, అందరూ సూస్తుండగా.

"అయ్యన్నీ తరవాత. ముందు బండ. నెయ్యీ నూనె వాసన రాయిలోకి దిగిపోయింది. అది పోయేదాకా తోమాల. పనిమనిసిని పంపకండి, కోడల్ని పంపకండి. మీరే రండి."

తమ్ముడి వైపు తిరిగింది.

"కండువా తియ్యిరా సింహాచలం. మొత్తం తియ్యి. ఆయన తోముతున్నంతసేపూ ఎదురుగా కూకో."

సింహాచలం కండువా తీసేడు. ఈసారి ఎవరూ మొహం తిప్పుకోలేదు.

"బూడిద తట్ట ఎత్తండి బాబూ. బేగి. మాపటేలకి ఎలుగు మల్లా దిగుతాది."